నీ రిపోర్టులోని మాండెలిక్ యాసిడ్ గురించి

ఒరేయ్ సుధాకర్,

నువ్వు పంపిన మూత్రపరీక్ష రిపోర్టు ఫోటో చూశాను. మెసేజ్‌లో రెండు ముక్కలు రాసి ఊరుకుంటే నీకూ తృప్తి ఉండదు, నాకూ ఉండదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నువ్వడిగింది చాలా మంచి ప్రశ్న. మీ ఫైబర్‌గ్లాస్ పనిలో రోజంతా పీల్చేది రెజిన్‌లోంచి లేచే స్టైరీన్ అయినప్పుడు మూత్రంలో స్టైరీన్‌ని కొలవకుండా మాండెలిక్ యాసిడ్, ఫినైల్ గ్లయాక్సిలిక్ యాసిడ్ అంటూ వేరే ఏవో ఎందుకు కొలుస్తారు అని. దానికి జవాబు నేను ల్యాబ్‌లో రోజూ పట్టుకుని కూర్చునే ఎంజైమ్ దగ్గరే ఉందిరా. ఎపాక్సైడ్ హైడ్రోలేజ్. ఎంజైమ్ అంటే ఒంట్లో రసాయన మార్పుల్ని వేగంగా జరిపించే ప్రొటీన్ అనుకో. ఇన్నాళ్ళూ నా పని గురించి నువ్వు అడిగినప్పుడల్లా "ఏదో ఎంజైమ్ లే" అని దాటేశాను, ఇప్పుడు మాత్రం మొత్తం చెప్పకుండా వదలను.

మోల్డు మీద గ్లాస్ మ్యాట్ పరిచి రెజిన్ పోసి రోలర్ తిప్పుతారు కదా, అప్పుడు లేచే ఆవిరి ఊపిరితిత్తుల్లోంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది. స్టైరీన్ నూనె స్వభావం ఉన్న పదార్థం, నీళ్ళలో సరిగా కరగదు, కాబట్టి ఉన్నదున్నట్టుగా మూత్రంలో బయటికి పంపడం శరీరానికి కుదరదు. ముందు దాన్ని నీళ్ళలో కరిగేలా మార్చాలి. ఆ పని కాలేయంలో సైటోక్రోమ్ పి450 అనే ఎంజైముల కుటుంబం మొదలుపెడుతుంది, స్టైరీన్ విషయంలో ముఖ్యంగా 2ఈ1 అనేది. అది స్టైరీన్‌కి ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది. అలా వచ్చేది స్టైరీన్ ఆక్సైడ్, అంటే ఒక ఎపాక్సైడ్. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఎపాక్సైడ్ అంటే రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి కట్టిన మూడు మూలల రింగు. అలాంటి కార్బన్‌కి సుఖంగా ఉండే కోణం సుమారు 109 డిగ్రీలు, ఈ రింగులో దాన్ని 60 డిగ్రీల దాకా వంచి కట్టేస్తారు. ఆ బిగువు మోలుకి దాదాపు 27 కిలోకేలరీలు ఉంటుంది. దొరికిన దేన్నైనా పట్టుకుని ఎప్పుడు విచ్చుకుందామా అని చూస్తూ ఉంటుంది. ఇది నీకు కొత్త కాదు, మీ దగ్గర ఎపాక్సీ రెజిన్‌లో హార్డెనర్ కలిపితే గట్టిపడేది కూడా అచ్చంగా ఈ రింగులు విచ్చుకోవడం వల్లే, అక్కడ హార్డెనర్‌లోని అమైన్ వచ్చి రింగుని తెరిచి తనతో ముడివేసుకుంటుంది. అదే రింగు ఒంట్లో ఉంటే? ప్రొటీన్లు, డీఎన్ఏ అన్నీ చుట్టూ ఉన్నాయి, వాటికి అతుక్కుంటుంది. డీఎన్ఏకి అతుక్కుంటే కణం కాపీ అయ్యేటప్పుడు అక్షరం తప్పు పడొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగమైన ఐఏఆర్‌సీ వాళ్ళు 2018లో స్టైరీన్‌ని "మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువ" అనే 2ఎ వర్గంలో పెట్టడం వెనక ఈ స్టైరీన్ ఆక్సైడ్ పాత్ర పెద్దది.

ఇప్పుడు మన ఎంజైమ్ వస్తుంది. చేసే పని ఒక్క వాక్యంలో అయిపోతుంది: ఒక నీటి అణువుని తీసుకుని ఆ రింగుని తెరిచి, పక్కపక్కన ఉన్న రెండు కార్బన్లకీ చెరొక ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) మిగులుస్తుంది. ఆ వచ్చినదాన్ని డయోల్ అంటాం. నీళ్ళలో కరుగుతుంది, రింగు లేదు కాబట్టి ఎవరి మీదా పడదు. నీ విషయంలో స్టైరీన్ ఆక్సైడ్ కాస్తా స్టైరీన్ గ్లైకాల్ అవుతుంది, తర్వాత వేరే ఎంజైములు దాన్ని మాండెలిక్ యాసిడ్‌గా, అందులో కొంత భాగాన్ని ఫినైల్ గ్లయాక్సిలిక్ యాసిడ్‌గా మారుస్తాయి, మూత్రంలో పోతుంది. అంటే నీ రిపోర్టులో ఆ రెండు అంకెలూ నువ్వు ఎంత పీల్చావో చెప్పడంతో పాటు, ఆ పీల్చినది ప్రమాదకరమైన రింగుగా మారి, మళ్ళీ ఆ రింగు విడిపోయి బయటికొచ్చిందని కూడా చెబుతున్నాయి. షిఫ్ట్ అయ్యాకే శాంపిల్ అడగడానికి కారణం ఇవి కొన్ని గంటల్లోనే తగ్గిపోవడం మొదలుపెడతాయి కాబట్టి, మూత్రంలో మామూలుగా పోయే క్రియాటినిన్ అనే పదార్థంతో భాగించేది నువ్వు ఎక్కువ నీళ్ళు తాగినా తక్కువ తాగినా లెక్క మారకుండా ఉండాలని. ఇంకోటి, మద్యం పుచ్చుకుంటే స్టైరీన్ విరగడం నెమ్మదిస్తుంది, మాండెలిక్ యాసిడ్ బయటికి రావడం ఆలస్యమవుతుంది, కాబట్టి ఆ రోజు అంకె తక్కువ కనిపించినా లోపల తక్కువ ఉన్నట్టు కాదు. మీ వాళ్ళకి ఈ మాట చెప్పు.

ఈ ఎంజైమ్ ఆ పని ఎలా చేస్తుందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, ఓపిక పట్టు. దీనికి లోహం అక్కర్లేదు, విటమిన్ లాంటి సహాయకుడు అక్కర్లేదు. చాలాకాలం అందరూ ఏమనుకున్నారంటే, ఎంజైమ్ ఒక నీటి అణువుని చురుగ్గా చేసి రింగు మీదికి వదులుతుంది అని. 1993లో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం దాన్ని చక్కగా పరీక్షించింది. ఆక్సిజన్ బరువుగా ఉండే నీళ్ళలో, ఎంజైమ్ చాలా ఎక్కువ, ఎపాక్సైడ్ చాలా తక్కువ ఉండేలా పెట్టారు, అంటే ఒక్కో ఎంజైమ్ అణువూ మహా అయితే ఒక్కసారే పని చేస్తుంది. నీరే నేరుగా వచ్చి రింగుని తెరిచి ఉంటే డయోల్‌లో బరువు ఆక్సిజన్ కనిపించాలి. కానీ డయోల్‌లోకి చేరింది మామూలు ఆక్సిజన్, బరువుది ఎంజైమ్‌లోనే ఉండిపోయింది. అంటే రింగుని తెరిచింది ఎంజైమ్‌లోని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం, తన సొంత ఆక్సిజన్‌తో, ఎపాక్సైడ్‌కి తానే అతుక్కుపోయి. ఆ తర్వాత పక్కనున్న హిస్టిడిన్ అనే మరో అమైనో ఆమ్లం ఒక నీటి అణువుని తెచ్చి ఆ అతుకు విప్పుతుంది. ఎంత తేలికైన ప్రయోగం, ఎంత గట్టి జవాబు! నాకు ఎంజైముల మీద ప్రేమ పుట్టింది ఇలాంటివి చదివే.

ఈ రెండు అడుగుల్లో మొదటిది చాలా త్వరగా అవుతుంది, రెండోది నెమ్మది. కాలేయ కణాల లోపల ఉండే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే పొరలకి అతుక్కుని ఉండే రకం ఎంజైమ్, దాన్ని మైక్రోసోమల్ ఎపాక్సైడ్ హైడ్రోలేజ్ అంటారు, మరీ నెమ్మది. విచిత్రం ఏమిటంటే, ఎలుకల ఎంజైమ్‌లో 404వ స్థానంలో ఉన్న గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం తీసేసి ఆస్పార్టేట్ పెడితే స్టైరీన్ ఆక్సైడ్ మీద దాని వేగం 20 రెట్లకు పైగా పెరిగింది. ఒక్క అమైనో ఆమ్లం, అదీ ఒక్క కార్బన్ తేడా! మరి ప్రకృతి ఆ వేగాన్ని ఎందుకు వదులుకుంది? దీని మీద వాదనలు ఉన్నాయి కానీ నాకు నచ్చిన వివరణ ఇది: కాలేయంలో ఈ ఎంజైమ్ రాశులకొద్దీ ఉంటుంది, కాబట్టి విప్పడం ఆలస్యమైనా పట్టుకోవడం మాత్రం క్షణాల్లో జరిగిపోతుంది, స్పాంజి నీళ్ళు పీల్చుకున్నట్టు రింగుల్ని పీల్చేసి తనకి అతికించుకుని, తీరిగ్గా ఒక్కోదాన్నీ వదులుతుంది. పట్టుకున్న క్షణం నుంచే ఆ రింగు డీఎన్ఏ జోలికి పోలేదు.

అయితే స్పాంజికి ఒక హద్దు ఉంటుంది, సుధా. రోజంతా కొద్దికొద్దిగా వచ్చే ఆవిరి వేరు, పెద్ద మోల్డు మీద లేఅప్ (మ్యాట్ పరిచి రెజిన్ పట్టించడం) చేసేటప్పుడు అరగంట పాటు ముఖానికి కొట్టే ఆవిరి వేరు. ఎంజైములన్నీ అప్పటికే ఒక్కో రింగుని పట్టుకుని కూర్చుంటే తర్వాత వచ్చేవి తప్పించుకుంటాయి. ఈ ఎంజైమ్ జన్యువు తీసేసిన ఎలుకల్లో స్టైరీన్ విషం మామూలు ఎలుకల్లో కంటే బాగా ఎక్కువ చేటు చేసింది, అంటే మనల్ని కాపాడుతున్నది నిజంగా ఇదే. అందుకే షిఫ్ట్ సగటు బాగుందని మీ సూపర్‌వైజర్ చెప్పినా నువ్వు ఆ అరగంట గురించి గట్టిగా అడుగు. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, ఎగ్జాస్ట్ మోల్డు దగ్గరే లాగాలి, ఎక్కడో పైకప్పులో తిరిగితే ఆ ఆవిరి నీ ముక్కు ముందు నుంచే పైకి పోతుంది. ఈ విషయంలో మొహమాటపడకు.

ఇంతదాకా చదివితే "భలే మంచి ఎంజైమ్" అనిపిస్తుంది కదా. సోషల్ మీడియాలో డీటాక్స్ డీటాక్స్ అంటూ చెప్పేవాళ్ళు వింటే దీన్ని పెంచే పౌడర్ కూడా అమ్మేస్తారు. కానీ ఆగు.

నువ్వు సిగరెట్ మానేసింది ఎంత మంచి పనో ఈ ఎంజైమ్ వైపు నుంచి చెబుతా. పొగలో బెంజోపైరీన్ అని ఒకటి ఉంటుంది, ఐదు రింగులు కలిసిపోయిన పెద్ద అణువు. దాన్నీ సైటోక్రోమ్ ఎంజైములు ఎపాక్సైడ్ చేస్తాయి, మన ఎంజైమ్ మామూలుగానే ఆ రింగుని తెరిచి డయోల్ చేస్తుంది. అయితే ఆ డయోల్ అక్కడితో ఆగదు. సైటోక్రోమ్ మళ్ళీ వచ్చి దాని పక్కనే ఇంకో ఎపాక్సైడ్ కడుతుంది. ఈ రెండో రింగు ఉన్న మూల ఇరుకు, పైగా పక్కన డయోల్ ఉంది, మన ఎంజైమ్‌కి అది అందదు. అది వెళ్ళి డీఎన్ఏలోని గ్వానీన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది, పొగతాగేవాళ్ళ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కనిపించే మ్యుటేషన్లలో దీని పాత్ర బాగా తేలినదే. అంటే మొదటి అడుగులో మన ఎంజైమ్ పని చేయడం వల్లే ఆ చివరి విషం తయారైంది! 1999లో ఈ ఎంజైమ్ లేని ఎలుకల చర్మం మీద ఇదే కుటుంబానికి చెందిన డీఎంబీఏ అనే రసాయనం రాసి చూశారు, వాటికి కణుతులు రాలేదు, ఎంజైమ్ ఉన్న ఎలుకలకి వచ్చాయి. స్టైరీన్ దగ్గర కాపాడినది ఇక్కడ ముంచింది. ఎంజైమ్ మారలేదు, దాని చేతికి వచ్చిన అణువు మారింది, అంతే. నన్నెవరైనా ఇది మంచి ఎంజైమా చెడ్డ ఎంజైమా అని అడిగితే నాకు నిజంగా చిరాకు వస్తుంది, ఏ రింగు, ఏ అవయవంలో అని అడగకుండా ఆ ప్రశ్నకి అర్థమే లేదు.

మందుల దగ్గర కూడా ఇదే ఎంజైమ్. మూర్ఛకి ఇచ్చే కార్బమజెపిన్ ఒంట్లో ఎపాక్సైడ్ అవుతుంది, ఆ ఎపాక్సైడ్ కూడా మందులాగే పని చేస్తుంది, దాన్ని తగ్గించేది మైక్రోసోమల్ రకమే. దానితో పాటు వాల్‌ప్రొయేట్ ఇస్తే అది ఈ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. అప్పుడు రక్తపరీక్షలో కార్బమజెపిన్ మామూలుగానే ఉంటుంది, ఎపాక్సైడ్ మాత్రం పెరిగిపోయి మనిషికి తల తిరగడం, మత్తు, చూపు రెండుగా కనబడటం మొదలవుతాయి. మూలమందు అంకె చూసి అంతా బాగుందనుకుంటే తప్పిపోతుంది. డాక్టర్లకి ఇది తెలిసినదే అనుకో, అయినా రెండు మందులూ వాడే ఇంటివాళ్ళకి తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు నా అసలు ఇష్టమైన భాగం, ఇదే కుటుంబంలో రెండోది, సాల్యుబుల్ ఎపాక్సైడ్ హైడ్రోలేజ్. ఇది పొరలకి అతుక్కోదు, కణద్రవంలో తిరుగుతుంది. దీని కథ పురుగుల దగ్గర మొదలైంది. కీటకాల్లో జువెనైల్ హార్మోన్ అని ఉంటుంది, పురుగు పిల్లదశలోనే ఉండాలా పెద్దదవ్వాలా అన్నది అది నిర్ణయిస్తుంది, అందులో ఒక ఎపాక్సైడ్ రింగు ఉంది. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో బ్రూస్ హామక్, సర్జీత్ గిల్ ఆ హార్మోన్‌ని పోలిన పురుగుమందుల మీద పని చేస్తూ, అవి జంతువుల కాలేయంలో ఎలా విరుగుతాయో చూస్తుంటే, పొరల్లో ఉండే ఎంజైమ్‌తో పాటు కణద్రవంలోనూ ఒకటి రింగుల్ని విప్పుతోందని బయటపడింది. పురుగుల కోసం మొదలైన ఆ పని తర్వాత మనుషుల రక్తపోటు, నొప్పుల దాకా వచ్చింది.

ఎలాగంటే, మన కణాల్లో అరాకిడోనిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. ఆస్పిరిన్ అడ్డుకునే ప్రోస్టాగ్లాండిన్ల మార్గం నువ్వు వినే ఉంటావు, అది ఇదే కొవ్వు ఆమ్లం నుంచి పుడుతుంది. దీన్నే సైటోక్రోమ్‌లు ఎపాక్సైడ్లుగా కూడా మారుస్తాయి, వాటిని పొట్టిగా ఈఈటీలు అంటాం. ఇవి బయటినుంచి వచ్చిన విషాలు కావు, శరీరం కావాలని చేసుకునే సంకేతాలు. రక్తనాళాల్ని సడలిస్తాయి, వాపుని తగ్గిస్తాయి, నొప్పిని తగ్గిస్తాయి. సాల్యుబుల్ రకం వీటి రింగు విప్పితే ఆ గుణాలు చాలావరకు పోతాయి. అంటే ఇక్కడ రింగుని కాపాడటమే మేలు! అందుకే ఈ ఎంజైమ్‌ని ఆపే మందుల వేట మొదలైంది. 1999లో యూరియా రకం నిరోధకాలు వచ్చాయి, 2000లో బీపీ ఉన్న ఎలుకల్లో వాటితో బీపీ తగ్గింది. అందరం ఎగిరి గంతేసే వార్త. తర్వాత మనుషుల్లో ఏఆర్9281 అనేదాన్ని బీపీకి పరీక్షిస్తే ఆశించిన ఫలితం రాలేదు. నొప్పి వైపు మాత్రం ఆశ ఇంకా బలంగా ఉంది. డెక్కల్లో వాపు వచ్చి, ఏ మందుకీ నొప్పి తగ్గక ఇక చంపేయడమే దిక్కు అనుకున్న ఒక గుర్రానికి ఇలాంటి నిరోధకం ఇస్తే కోలుకున్నట్టు 2013లో రాశారు. ఒక్క గుర్రంతో ఏదీ రుజువు కాదు, నిజమే, కానీ అది చదివి కదలనివాడు ఉండడు. ఆ తర్వాత ఈసీ5026 అనే నిరోధకం నరాల నొప్పి కోసం మనుషుల్లో తొలిదశ పరీక్షల దాకా వచ్చింది. నల్లమందు జాతి మందుల్లాగా అలవాటు పడకుండా నొప్పి తగ్గించే దారి ఇక్కడ దొరుకుతుందేమో అని నేను మనసారా కోరుకుంటున్నా.

కానీ ఇక్కడా రెండో వైపు ఉంది. ఈఈటీలు కొత్త రక్తనాళాలు పెరగడానికి తోడ్పడతాయి. గాయం మానడానికి అది మంచిది, కణితికి కూడా అదే కావాలి. 2012లో ఎలుకల మీద చేసిన పనిలో ఈఈటీలు పెరిగితే కణుతులు పెరగడం, పాకడం ఎక్కువైంది. అందుకని ఏళ్ళ తరబడి మింగే మాత్రగా ఇది రావాలంటే చాలా జాగ్రత్తగా చూడాలి, తొందర పెట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. లినోలిక్ యాసిడ్ అనే ఇంకో కొవ్వు ఆమ్లం సంగతి ఇంకా తమాషా. దాని ఎపాక్సైడ్‌ని సాల్యుబుల్ రకం విప్పితే వచ్చే డయోల్ ఊపిరితిత్తులకి చేటు చేస్తుందని 1997లో తేలింది, రింగు కంటే విప్పినదే విషం అన్నమాట. లినోలిక్ యాసిడ్ నుంచి అలా వచ్చే డయోల్‌లలో ఒకటైన 12,13-డైహోమ్ మాత్రం చలికీ వ్యాయామానికీ రక్తంలో పెరిగి, కొవ్వు ఆమ్లాల్ని ఇంధనంగా వాడుకోవడానికి సాయపడుతుందని 2017, 2018ల్లో చూపించారు. చెప్పానుగా, ఏ అణువు, ఎక్కడ, ఎంత అన్నదే లెక్క.

బ్యాక్టీరియా కూడా ఈ ఆయుధం వాడుకుంటాయి. సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియా, సిఫ్ అనే ఎపాక్సైడ్ హైడ్రోలేజ్‌ని బయటికి వదులుతుంది, అది ఊపిరితిత్తుల కణాల్లో క్లోరైడ్‌ని బయటికి పంపే సీఎఫ్‌టీఆర్ చానల్ తగ్గిపోయేలా చేస్తుంది. క్షయ బ్యాక్టీరియాకి ఇలాంటివి అరడజను దాకా ఉన్నాయి.

ఇక నా పని. మందుల తయారీలో కుడిచేయి ఎడమచేయి గొడవ నీకు తెలుసు, ఒకే అణువు అద్దంలో బొమ్మలా రెండు రూపాల్లో ఉంటుంది, ఒంట్లో పని చేసేది చాలాసార్లు ఒకటే. బీపీకి వాడే ప్రొప్రనోలాల్ లాంటి బీటా బ్లాకర్లని ఎపాక్సైడ్ల నుంచే చేస్తారు, మొదట్లోనే సరైన రూపం ఉన్న ఎపాక్సైడ్ దొరికితే పని సులువు. ఎపాక్సైడ్ హైడ్రోలేజ్‌కి రెండు రూపాల మిశ్రమం ఇస్తే ఒకదాన్ని త్వరగా విప్పి రెండోదాన్ని మిగులుస్తుంది. ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజులో ఉన్న ఎంజైమ్‌కి ఫినైల్ గ్లిసిడైల్ ఈథర్ అనే ఎపాక్సైడ్ మీద ఆ ఎంపిక బలం (ఒక రూపాన్ని రెండోదానికంటే ఎన్ని రెట్లు ఇష్టపడుతుందో) 4.6 మాత్రమే, అంటే పనికిరాదు. మాన్‌ఫ్రెడ్ రీట్జ్ బృందం దానిలో ఎపాక్సైడ్ వచ్చి కూర్చునే కుహరం చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాల్ని గుంపులు గుంపులుగా, ఒక గుంపులో గెలిచినదాని మీద మరో గుంపు చొప్పున మార్చుకుంటూ పోయి దాన్ని 115కి తెచ్చింది. చూసిన క్లోన్లు (మార్చిన ఎంజైమ్ రకాలు) 20,000, ఈ రకం వేటలో అది తక్కువే.

ఇందులో ఒక బాధ ఉంది: ఒక రూపాన్ని విప్పి రెండోదాన్ని దాచుకుంటే దిగుబడి సగానికి మించదు. మిగతా సగం ఏం చేయాలి? దీనికి ఫురస్తోస్ బృందం ఫ్రాన్స్‌లో చూపిన దారి నాకు ఎంతో ఇష్టం. స్టైరీన్ ఆక్సైడ్‌లో ఒక రూపాన్ని విప్పే బూజు ఒకటి, రెండో రూపాన్ని రింగుకి రెండో వైపు నుంచి విప్పే బూజు ఇంకొకటి, రెండూ కలిపి వాడితే చివరికి రెండు రూపాలూ ఒకే డయోల్ అవుతాయి. ఏదీ వృథా కాదు. పెసర మొక్క ఎంజైమ్‌లలో ఒకటి కొన్ని స్టైరీన్ ఆక్సైడ్‌ల మీద ఆ రెండు పనులూ ఒక్కటే చేయగలదు. నేను ఇప్పుడు వెంటపడుతున్నది అలాంటిదాన్నే. కెమిస్ట్రీ వాళ్ళకి 1997 నుంచి ఇదే పని చేసే జేకబ్సన్ కోబాల్ట్ ఉత్ప్రేరకం ఉంది, అది అద్భుతమైనది, చాలా ఎపాక్సైడ్లకి దాన్ని మించలేం. కానీ లోహం లేకుండా, మామూలు వేడిలో, నీళ్ళలోనే ఆ పని జరగాలి అంటే మాత్రం నేను ఎంజైమ్ పక్షమే.

మా ప్లేటు ఒకసారి చూడాల్సిందిరా. 96 గుంటల ప్లాస్టిక్ పలక, ఒక్కో గుంటలో ఒక్కో మ్యుటెంట్, అంటే అమైనో ఆమ్లాలు మార్చిన ఎంజైమ్. ఎపాక్సైడ్ పోసి కొంతసేపు ఆగాక, రింగుతో కలిసి రంగునిచ్చే నైట్రోబెంజైల్ పిరిడిన్ కలిపి వేడి చేసి, చివర్లో క్షారం వేస్తాం. రింగు మిగిలి ఉన్న గుంట ముదురు నీలంగా మారుతుంది, ఎంజైమ్ రింగుల్ని విప్పేసిన గుంట రంగు లేకుండా ఉండిపోతుంది. మొత్తం పలక నీలమైపోయి మధ్యలో ఒక్క గుంట తెల్లగా కనిపిస్తే ఆ రోజు ఇంక అన్నం కూడా గుర్తుండదు. చిక్కేమిటంటే ఆ నీలం త్వరగా వెలిసిపోతుంది, మొదటి వరస చదివి చివరి వరసకి వచ్చేసరికి అంకెలు జారిపోతాయి, ఏ రంగూ అవసరం లేని పద్ధతి ఒకటి పక్కన పెట్టుకుని సరిచూసుకోవాలి.

నాకు నీ సాయం కావాల్సింది అక్కడే. మీ క్వాలిటీ సెక్షన్‌లో డ్రమ్ము రాగానే రెజిన్‌లో ఎపాక్సీ ఎంతుందో టైట్రేషన్‌తో చూస్తారు కదా, ఎపాక్సీ ఈక్వివలెంట్ అంటూ. అందులో ఏ యాసిడ్ వాడుతున్నారు, ఇండికేటర్ ఏది, శాంపిల్‌లో నీళ్ళు ఉంటే అంకె ఎంత చెడుతుంది, ఈ మూడూ అడిగి రాసి పంపు. నా శాంపిళ్ళన్నీ నీళ్ళలోనే ఉంటాయి మరి.

నీ
రఘు